పటములో లేనివారు

చదువవలసిన భాగములు: మార్కు 12:41–13:2, 1 రాజులు 5, 6, 12 అధ్యాయములు, నెహెమ్యా 3 అధ్యాయము.

ప్రభువు శిష్యులలో ఒకడు యెరూషలేము దేవాలయమునుండి వెలుపలికి వచ్చుచు, ఆ గొప్ప రాళ్లను, ఆ కట్టడములను ఆయనకు చూపి ఆశ్చర్యపడెనని మార్కు సువార్త 13వ అధ్యాయపు మొదటి వచనము తెలుపుచున్నది. చేతిలో ఫోటో యంత్రమే యుండినయెడల ఆ శిష్యుడు తప్పక ఒక పటము తీసికొని యుండును. మనమైనను అంతే. గొప్ప కట్టడము కంటబడినప్పుడు నిలిచిపోవుటయు, దానిని ఇతరులకు చూపగోరుటయు మానవ స్వభావము. అందులో పాపము లేదు. అయితే ప్రభువు చూపు మాత్రము ఆ రాళ్లయొద్ద ఆగలేదు. దానికి ముందున్న వచనములలో ఆయన ఎవరిని చూచి, ఎవరిని తన శిష్యులకు చూపెనో ఆ సంగతి కొంచెము తరువాత జ్ఞాపకము చేసికొందము. ముందుగా ఒక రాతివంతెనను గూర్చి చెప్పనిండు. ఆ వంతెన దూరదేశములో నున్నను, అది మనలను అడుగు ప్రశ్న మన గుమ్మము ముందే యున్నది.

ఇంగ్లండు దేశపు ఉత్తర భాగమున, యార్క్‌షైరు సీమలో, రిబుల్‌హెడ్ అను స్థలము గలదు. చుట్టును పెద్ద కొండలు. వాటిలో వెర్న్‌సైడ్, ఇంగిల్‌బరో, పెనిగెంట్ అను మూడు మిక్కిలి పేరుపొందినవి. అక్కడ వర్షము విస్తారము. అందుచేత వేసవిలో ఆ నేలయంతయు కన్నులు చల్లబడునంత పచ్చగా నుండును. సున్నము లేకుండ పేర్చిన రాతిగోడలు కొండ మీదికి ప్రాకుచుండును. వాటి నడుమ గొఱ్ఱెలు మేయుచుండును. మంచి కాపరిని గూర్చి వినిన మనవంటి పల్లెవారికి ఆ దృశ్యము క్రొత్తదిగా తోచదు.

ఆ పచ్చదనము మధ్య ఒక రైలువంతెన నిలిచియున్నది. దానికి 24 కమానులు. పొడవు 440 గజములు. మిక్కిలి యెత్తైన చోట 104 అడుగులు. స్తంభములు సున్నపురాతివి; కమానుల లోపలి భాగము ఇటుకలతో కట్టబడినది. ప్రతి ఆరవ స్తంభమును తక్కినవాటికంటె లావుగా కట్టిరి. ఎందుకనగా, ఒకవేళ ఒక స్తంభము కూలినను వంతెనయంతయు వరుసగా కూలిపోక, ఆ లావుపాటి స్తంభమునొద్ద నాశనము ఆగిపోవలెనని. కట్టినవారి ముందుచూపు అట్టిది. ఆ నేల మెత్తని బురదనేల. దానిని త్రవ్వుకొనుచు పోయి, గట్టి రాయి తగులువరకు పునాదులు దింపిరి. బుద్ధిమంతుడు బండమీద ఇల్లు కట్టిన ఉపమానము మనకందరకు తెలిసినదే. ఆ ఉపమానము అక్కడ రాతితోనే వ్రాయబడినది.

ఇది సెటిల్, కార్లైల్ అను రెండు పట్టణముల మధ్య మిడ్‌లాండు రైల్వే కంపెనీవారు వేసిన 72 మైళ్ల మార్గములోనిది. వంతెన మొదటి రాయి 1870 అక్టోబరులో వేయబడెను. 1874లో రాతిపని ముగిసెను. 1876 మే 1వ తేదీనుండి ఆ మార్గమున ప్రయాణీకుల బండ్లు నడుచుట ఆరంభమాయెను. నేటికిని నడుచుచున్నవి.

ఇప్పుడు ఆ వంతెనకు పటము తీయుటకు అనేకులు వచ్చుచున్నారు. వారిని తేలికగా ఎంచరాదు. మంచి పటము తీయగోరువాడు తెల్లవారకముందే లేచును. గాలిలోను వానలోను నిలువబడును. మబ్బు తొలగువరకు, సూర్యకాంతి కమానులమీద ఏటవాలుగా పడువరకు, అప్పుడప్పుడు వచ్చు పాతకాలపు ఆవిరియింజను బండి సరిగా నడుమ కమానుమీదికి వచ్చువరకు కనిపెట్టుకొనియుండును. ఒక గడియ ప్రార్థనకు నిలువలేని మనము వారి ఓపికను చూచి నేర్చుకొనవలసినది కలదు. దేవుడు సృజించిన కొండను, మనుష్యుడు కట్టిన వంతెనను ఒక్క చూపులో నిలిపి, ఇది బాగున్నదని చెప్పుట మంచి పనియే. తాను చేసినదానిని చూచి మంచిదని పలికిన దేవుని పోలికె మనలో నున్నది గనుకనే మనకు అందమును చూచి సంతోషించుట చేతనగుచున్నది.

అయితే, చదువరులారా, ఆ పటము తీయువారు నిలుచు పచ్చిక క్రింద ఏమున్నదో చూతము.

వంతెన కట్టిన దినములలో ఆ బయలు నిర్మానుష్యముగా లేదు. అక్కడ పనివారి చెక్క గుడిసెలు పల్లెలవలె లేచినవి. భార్యాబిడ్డలతో కలిసి రెండువేలమంది వరకు ఆ బురదనేలలో కాపురముండిరి. ఆ గుడిసెల గుంపులకు వారు పేర్లు పెట్టుకొనిరి. ఒకదాని పేరు బ్యాటీ గ్రీన్. ఒకదాని పేరు సెబాస్టొపోల్. మరి రెండింటి పేర్లు వినుడు: ఒకటి యెరికో, ఒకటి యెరూషలేము! పాలుతేనెలు ప్రవహించు దేశము కొరకు కాదు, దినకూలి కొరకు వచ్చిన ప్రజలు తమ గుడిసెలకు బైబిలులోని పేర్లు పెట్టుకొనిరి. వారు పలుగు, పార, తట్ట పట్టి పనిచేసిరి. కొందరు రాళ్లు దొర్లి, కొందరు ఎత్తునుండి పడి, కొందరు మందుగుండు ప్రేలి చనిపోయిరి. 1871లో మశూచి వచ్చి ఆ గుడిసెలలో అనేకులను తీసికొనిపోయెను. రోగమునకు పెద్దలు పిల్లలు అను భేదము లేదు.

ఆ చేరువను చాపెల్-లె-డేల్ అను పల్లెలో చిన్న దేవాలయము గలదు. కొలదిమంది పల్లెవాసులకు చాలునట్టి శ్మశానము దానికుండెను. ఆ కొద్ది సంవత్సరములలో రైలుపనివారిలోను, వారి స్త్రీలలోను, పిల్లలలోను 200 మందికి పైగా అక్కడ పాతిపెట్టబడిరి. స్థలము చాలక శ్మశానమును పెద్దది చేయవలసివచ్చెను. ప్రమాదములలో మరణించిన పనివారి జ్ఞాపకార్థము తోటిపనివారును, రైల్వే కంపెనీవారును కలిసి సొమ్ము వేసికొని ఒక చలువరాతి పలకను ఆ దేవాలయములో గోడకు బిగించిరి. తోటిపనివారు తమ కూలి డబ్బులోనుండి ఇచ్చిరనుట గమనింపుడు.

పటములో 24 కమానులు కనబడును. ఆ సమాధులు కనబడవు. ఇప్పుడు మన ప్రశ్న యిది: ఇతరుల ప్రయాసచేతను, కొందరి ప్రాణములచేతను లేచిన అందమును మనము చూచి సంతోషించునప్పుడు, ఆ పటములో లేనివారికి మనము ఏమైన ఋణపడియున్నామా? లేక, చూచితిమి, సంతోషించితిమి, అంతటితో సరియా?

దీనికి కొందరు ఇచ్చు మొదటి జవాబు యిది: బాధలో పుట్టిన అందము అందమే కాదు, దానివైపు చూడక ముఖము త్రిప్పుకొనవలెను. ఈ మాటలో జాలి యున్నది గాని న్యాయము లేదు. ఎందుకనగా ఆ పనివారు తమ పనిని అసహ్యించుకొనిరని మనతో ఎవరు చెప్పిరి? ఎనిమిది టన్నుల బరువుగల రాళ్లుకూడ ఆ వంతెనలో నున్నవి. అట్టి రాతిని చెక్కి, పైకెత్తి, సరిగా కూర్చుండబెట్టిన మేస్త్రీ సాయంకాలము క్రిందికి దిగి తన పనివైపు ఒకసారి తలయెత్తి చూచుకొనడా? మన గ్రామములో గోడ కట్టిన తాపీపనివాడు సయితము వెనుకకు నాలుగడుగులు వేసి, ఒక కన్ను మూసి, తన గోడను చూచుకొనును. వారి పనిని చూడమని మనము ముఖము త్రిప్పుకొనినయెడల, వారికి మిగిలిన ఒక్క ఘనతనుకూడ మనమే తీసివేసినవారమగుదుము.

రెండవ జవాబు దీనికి ఎదురైనది: వారు కూలికి వచ్చిరి, కూలి పుచ్చుకొనిరి, లెక్క తీరినది, నూటయేబది సంవత్సరములనాటి మాట ఇప్పుడెందుకు? ఈ జవాబు లోకములో ఎక్కువమంది నోటనుండును. నిజమే, ఆ రైలుపనికి పొలము కూలికంటె హెచ్చు కూలి దొరికెను. ఎవరును వారిని సంకెళ్లతో తేలేదు. అయినను కూలి యనునది ఒక దినపు పనికి వెల. ప్రాణమునకు వెల కాదు. మశూచితో చనిపోయిన పసిబిడ్డ ఏ కూలి పుచ్చుకొనెను? మరియు ఒక మాట. ఆ పనివాడు తన కాలపు కంపెనీకి పనిచేసెను. కంపెనీ అతనికి కూలి యిచ్చెను. మిడ్‌లాండు కంపెనీ ఇప్పుడు లేదు. వంతెన మాత్రము నేటికిని మనుష్యులను మోయుచున్నది, నేటికిని కన్నులకు విందు చేయుచున్నది. ఈ మిగులు మేలుకు ఎవరు ఎవరికి వెల యిచ్చిరి? అది ఉచితముగా మనకు వచ్చినది. ఉచితముగా పొందినదానికి డబ్బుతో కాదు, కృతజ్ఞతతో లెక్క తీర్చవలెను. కృతజ్ఞతకు ఒక ముఖము కావలెను. ఎవరికో తెలియకుండ కృతజ్ఞులమై యుందుమనుట చిరునామా లేని ఉత్తరము వ్రాసినట్లుండును.

ఫోటో యంత్రపు స్వభావము ఇక్కడ మనకొక పాఠము చెప్పుచున్నది. 1838లో పారిస్ పట్టణమున డాగేర్ అను నతడు ఒక పెద్ద వీధికి పటము తీసెను. పట్టపగలు, వీధిలో బండ్లు, జనులు తిరుగుచుండిరి. అయినను పటములో వీధి నిర్జనముగా కనబడును. ఆ కాలపు పలక వెలుతురును పట్టుటకు కొన్ని నిమిషములు పట్టెను గనుక, కదలుచున్న వారందరును చెరిగిపోయిరి. ఒక్కడు మాత్రము స్పష్టముగా మిగిలెను. అతడు తన బూట్లు తుడిపించుకొనుటకు నిలిచిన మనుష్యుడు. వాటిని తుడుచుచున్నవాని రూపము సరిగా తెలియదు. వాని చేతులు కదలుచుండెను గదా! మనుష్యుని రూపము పట్టిన మొదటి పటములలో దానిని లెక్కించుదురు. అందులోనే సంగతి యంతయు ఉన్నది. నిలిచి సేవ చేయించుకొన్నవాడు నిలిచెను, సేవచేసినవాడు మసకబారెను.

రిబుల్‌హెడ్ వంతెన కట్టునప్పటికి గాజుపలకలమీద మందు పూసి, అది తడిగా నుండగానే పటము తీయు పద్ధతి వాడుకలో నుండెను. దానికిని కొన్ని క్షణములు కదలకుండ నిలువవలెను. పని మాని నిలిచినవాడు పటములో మిగులును. పనిచేయుచున్నవాడు పొగవలె చెదరిపోవును. యంత్రమును మనము నిందింపరాదు. దానికి తెలిసినది అంతే. నేటి యంత్రము రెప్పపాటులో వేయవవంతు కాలములో పటము తీయగలదు. ఎగురు పక్షి రెక్కనైనను నిలుపగలదు. ఇక యంత్రమునకు సాకు లేదు. ఇప్పుడు ఎవరైన పటమునుండి జారిపోయినయెడల, వారిని విడిచినది యంత్రము కాదు, మన చూపే.

ఈ విషయమున పరిశుద్ధ గ్రంథము రెండు కట్టడములను మన ముందుంచుచున్నది. మొదటిది సొలొమోను కట్టించిన మందిరము. 1 రాజుల గ్రంథము 5వ అధ్యాయము చదువుడు. వెట్టిపనికి 30,000 మంది. బరువులు మోయువారు 70,000 మంది. కొండలలో రాళ్లు కొట్టువారు 80,000 మంది. లెక్క పూర్తిగా నున్నది. పేరు ఒక్కటియు లేదు. 6వ అధ్యాయము 7వ వచనములో ఒక వింత సంగతి యున్నది. రాళ్లన్నియు గనియొద్దనే చెక్కి తెచ్చిరి గనుక మందిరము కట్టు చోట సుత్తె గాని, గొడ్డలి గాని, మరి ఏ యినుప పనిముట్టు గాని వినబడలేదట. ఎంత చక్కని నిశ్శబ్దము! అయితే ఆ శబ్దము ఎక్కడికి పోయెను? గనియొద్దనే యుండెను. అక్కడ వినువారు లేరు. మందిరములోని నిశ్శబ్దము కొండలోని శబ్దమువలన కలిగినది. మనము చూచు అందమైన పటము కూడ అట్టిదే. అందులో సుత్తె వినబడదు.

సొలొమోను చనిపోయిన తరువాత ఏమాయెను? జనులు అతని కుమారునియొద్దకు వచ్చి, నీ తండ్రి మా కాడిని బరువుచేసెను, నీవు తేలిక చేయుమని వేడుకొనిరి. అతడు వినలేదు. అప్పుడు వెట్టిపనిమీద అధికారియైన అదోరామును జనులు రాళ్లతో కొట్టి చంపిరని 12వ అధ్యాయము చెప్పుచున్నది. ఏ రాళ్లు మోయించి వారి పేర్లు మరచిరో ఆ రాళ్లే చేతికి వచ్చెను. రాజ్యము రెండు ముక్కలాయెను. మరచిపోబడిన పనివారు ఎల్లకాలము మౌనముగా నుండరు. పొలము కోసినవారి కూలి మొఱ్ఱపెట్టుననియు, ఆ కేక ప్రభువు చెవిని చేరుననియు యాకోబు 5:4 మనలను హెచ్చరించుచున్నది.

రెండవ కట్టడము నెహెమ్యా కాలపు యెరూషలేము గోడ. నెహెమ్యా 3వ అధ్యాయమును మనలో అనేకులు పేర్లు పలుకలేక దాటిపోవుదుము. దయచేసి ఈ నెలలో ఒకసారి పూర్తిగా చదువుడు. అది పేర్ల పట్టికయే. ప్రధానయాజకుని పేరున్నది. కంసాలి పని చేయువాని పేరున్నది. పరిమళద్రవ్యములు చేయువాని పేరున్నది. షల్లూమును, అతని కుమార్తెలును పనిచేసిరని వ్రాయబడియున్నది. అనగా ఆడపిల్లలు రాళ్లు మోసినది మరువబడలేదు. పెంట గుమ్మమును బాగుచేసినవాని పేరుకూడ ఉన్నది. ఊరివారు ముక్కు మూసికొని దాటిపోవు గుమ్మము కట్టిన మనుష్యుని పేరు దేవుని గ్రంథములో నిలిచెను! తెకోవీయుల పెద్దలు పనికి మెడ వంచలేదనుటయు వ్రాయబడెను. సొలొమోను మందిరము బంగారముతో మెరసెను. నెహెమ్యా గోడ తొందరలో కట్టిన గోడ. అయినను ఏది యెక్కువ న్యాయముగా వ్రాయబడినదో మీరే చెప్పుడు.

మన తెలుగు దేశమునకు వత్తము. 1847 మొదలు 1852 వరకు ధవళేశ్వరమునొద్ద గోదావరి నదికి ఆనకట్ట కట్టబడెను. ఆర్థర్ కాటన్ దొరగారి పేరు గోదావరి సీమలో పసిబిడ్డకు కూడ తెలియును. తెలియవలసినదే. అయితే ఆ యిసుకలో రాళ్లు దింపిన వేలాది కూలిజనుల పేర్లు ఎవరికి తెలియును? రాజమహేంద్రవరమున 1900లో తెరవబడిన హేవలాక్ వంతెనమీద 1997 వరకు బండ్లు నడిచినవి. ఆ రాతి స్తంభములను సూర్యాస్తమయ సమయమున పటము తీయువారు నేటికిని కలరు. నీటిలో దిగి ఆ స్తంభములు లేపినవారిని పటము తీయుటకు ఎవరు మిగిలియున్నారు?

మరియొక సంగతి మన సంఘములకు మరి దగ్గరది. రిబుల్‌హెడ్ మార్గము తెరవబడిన ఆ 1876వ సంవత్సరమందే మన దేశమున ధాత కరువు ఆరంభమాయెను. అప్పుడు ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు, తాము మునుపు భూములు కొలుచు పని నేర్చినవారు గనుక, బకింగ్‌హాము కాలువలో మూడు మైళ్లకు పైగా త్రవ్వించు కంట్రాక్టు పుచ్చుకొనిరి. ఆకలితో నున్న ప్రజలు పలుగు పార పట్టి, కూలి సంపాదించుకొని బ్రతికిరి. బోధకులు పనిమీద తనిఖీ చేసిరి. విశ్రాంతి వేళ వారితో కూర్చుండి వాక్యము చెప్పిరి. కూటికొరకు చేరిరను మాట రాకూడదని కరువుపని కాలమున బాప్తిస్మములు ఆపియుంచిరి. ఆ తరువాత 1878 జూలై 3వ తేదీన ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ సంఖ్య మన నోటికి వచ్చును. ప్రసంగములలో చెప్పుకొందుము, సంతోషింతుము. అయితే ఆ 2,222 మందిలో ఎందరి పేర్లు మనము చెప్పగలము? వారిలో మన ముత్తాతలు, ముత్తవ్వలు ఉన్నారేమో! సొలొమోను లెక్కవలె మనదియు లెక్కగానే మిగిలిపోవుట న్యాయమా?

ఇక్కడ భక్తిగల ఒక సహోదరుడు అడ్డుచెప్పవచ్చును: మన పేర్లు పరలోకమందు వ్రాయబడినవి గనుకనే సంతోషింపవలెనని ప్రభువు లూకా 10:20లో నేర్పెను గదా, కుడిచెయ్యి చేసినది ఎడమచేతికి తెలియకూడదని మత్తయి 6వ అధ్యాయములో నేర్పెను గదా, భూమిమీద పేర్లు వెదకుట గర్వము కాదా? ఇది తగిన ప్రశ్న. కాని ఆ ఆజ్ఞ ఎవరికి ఇయ్యబడెనో చూడుడు. ధర్మము చేయువాడు తన ధర్మమును తానే దాచుకొనవలెనని ఇయ్యబడెను. పరుని ప్రయాసమును నేను దాచివేయుటకు అది సెలవుచీటి కాదు. నా పేరు నేను మరచుట వినయము. నీ పేరు నేను మరచుట దొంగతనము. దేవుడు ఎవరిని మరువడు అనుట మన మరపునకు మందు కాదు, మన మరపుమీద తీర్పు. ఆయన జ్ఞాపకముంచుకొనువారిని ఆయన బిడ్డలు మరువదగునా?

ఇప్పుడు మార్కు సువార్తకు తిరిగి వత్తము. 12వ అధ్యాయపు చివర ప్రభువు కానుకపెట్టె యెదుట కూర్చుండెను. ధనవంతులు విస్తారముగా వేయుచుండిరి. ఒక బీద విధవరాలు వచ్చి రెండు కాసులు వేసెను. ఆయన శిష్యులను పిలిచి ఆమెను చూపెను. అది జరిగిన వెంటనే, దేవాలయమునుండి వెళ్లుచుండగా, శిష్యుడు రాళ్లను చూపెను. ఆయన చూపిన స్త్రీని విడిచి, అతడు తాను చూచిన గోడను ఆయనకు చూపెను! ఆ గోడలు అట్టివారి కాసులతోనే నిలిచెనని అతనికి తోచలేదు. ప్రభువు ఆ రాళ్లలో ఒకటైనను నిలువదని చెప్పెను. 70వ సంవత్సరమున రోమావారు ఆ దేవాలయమును పడగొట్టిరి. రాళ్లు పోయినవి. ఆ విధవరాలు నేటికిని మన మధ్య నడుచుచున్నది. ఎవరి చూపు నిజమైన చూపో కాలమే తేల్చెను.

రిబుల్‌హెడ్ వంతెన కథలో చివరి భాగముకూడ చెప్పవలెను. 1980–89 మధ్య ఆ వంతెన వాననీటికి శిథిలమగుచున్నదనియు, బాగుచేయుటకు ఖర్చు అధికమనియు, ఆ మార్గమునే మూసివేయుదుమని బ్రిటిషు రైల్వే అధికారులు తలపెట్టిరి. 22,000 పైచిలుకు మంది వ్రాతపూర్వకముగా అభ్యంతరము చెప్పిరి. అందులో ప్రయాణపు చీటి కొనబడిన ఒక కుక్క కాలిముద్రకూడ లెక్కకు వచ్చెను. 1989లో ప్రభుత్వమువారు మార్గమును మూయవద్దని తీర్మానించిరి. వంతెన బాగుచేయబడెను. ఆ కుక్కకు గార్స్‌డేల్ స్టేషనులో కంచు ప్రతిమ నిలిపిరి. నమ్మకమైన జంతువును గౌరవించుట తప్పనను. కాని కుక్కకు ప్రతిమ దొరికిన ఆ మార్గమున, మశూచితో పోయిన కూలివాని బిడ్డను తలచుకొనుటకు ఒక నిమిషము నిలువలేమా? వంతెన దానంతట అది నిలువలేదు. సందులలో నీరు చొరకుండ ఎవరో సున్నము మెత్తవలసివచ్చెను. జ్ఞాపకముకూడ అంతే. మెత్తువారు లేనిచో కూలును.

ఆ పనివారి పేర్లు ఎక్కడ మిగిలినవో మీకు తెలియునా? దేవాలయపు సమాధి రిజిష్టరులో. ఇంగ్లండు దేశమున ప్రతి సంఘపు సమాధి రిజిష్టరులో చనిపోయినవాని పేరు, నివాసము, వయస్సు, పాతిపెట్టిన దినము వ్రాయవలెనని 1812లో చట్టము చేసిరి. కావున ఆ చిన్న పల్లె దేవాలయపు గురువుగారు వానలో సమాధియొద్దనుండి వచ్చి, తడిసిన చేతులు తుడుచుకొని, కలము పట్టి ఒక్కొక్క పేరు వ్రాసియుండవలెను. యంత్రము పట్టనివారిని కలము పట్టెను. బీదవాని ఛాయాపటము సంఘపు రిజిష్టరే.

కనుక, ప్రియ సంఘస్థులారా, ఈ ఆలోచన మాటలతో ముగియకూడదు. మన చేతనగు మూడు పనులు గలవు.

మొదటిది, మీ సంఘపు బాప్తిస్మ, వివాహ, సమాధి రిజిష్టర్లను చూడుడు. చెదలు తినుచున్న పుస్తకమును ఇనుప పెట్టెలోనికి మార్చుడు. మీ గ్రామ దేవాలయము కట్టినప్పుడు మట్టి మోసినవారు, రాళ్లు కొట్టినవారు, నీళ్లు తెచ్చిన స్త్రీలు ఎవరో వృద్ధులనడిగి వ్రాసికొనుడు. వృద్ధులు మనకొరకు ఎల్లకాలము కనిపెట్టుకొనియుండరు.

రెండవది, క్రొత్త దేవాలయము ప్రతిష్ఠించునప్పుడు శిలాఫలకముమీద ప్రారంభించిన పెద్దల పేర్లు, సొమ్మిచ్చిన దాతల పేర్లు చెక్కింతుము. మంచిదే. క్రింద ఒక్క వరుసలో తాపీ మేస్త్రీ పేరు, కూలిజనుల పేర్లు చెక్కించుడు. అక్షరములు చిన్నవైనను సరియే. ఇప్పుడు ప్రతి యింట చేతి ఫోను గలదు, ప్రతి ఫోనులో పటము తీయు సాధనము గలదు. ప్రతిష్ఠదినమున పటము తీయునప్పుడు పూలదండలవారితోపాటు తట్ట మోసినమ్మను ముందుకు పిలువుడు. ఆమె చీర బాగుగలేదని వెనుకకు తగ్గును. మీరే వెళ్లి చెయ్యిపట్టి తీసికొనిరండి.

మూడవది అన్నిటికంటె ముఖ్యము. చనిపోయినవారిని జ్ఞాపకము చేసికొని, బ్రతికియున్నవారి కూలి ఆపినయెడల మన జ్ఞాపకము వేషధారణయగును. ప్రొద్దు గుంకకముందే కూలి ఇయ్యుమని ద్వితీయోపదేశకాండము 24:15 ఆజ్ఞాపించుచున్నది. అన్యాయముతో ఇల్లు కట్టించుకొని పనివానికి జీతమియ్యనివానికి శ్రమ యని యిర్మీయా 22:13 పలుకుచున్నది. నేడు మన పొలములో కలుపుతీయు స్త్రీ పేరు మనకు తెలియునా? ఆమె కూలి నేడే ఇచ్చితిమా? ఈ రెండు ప్రశ్నలకు జవాబు చెప్పగలవాడు ఏ వంతెననైనను ధైర్యముగా చూచి సంతోషింపవచ్చును.

మన ప్రభువును వడ్లవాడని నజరేతువారు పిలిచిరి. ఆయన చేసిన తలుపు గాని, కాడి గాని నేడు ఎక్కడను లేదు. ఆయన చేతిపనికి పటము తీయగలవాడు లేడు. పేరులేని పనివారి నడుమ ముప్పది సంవత్సరములు పేరులేక పనిచేసినవాడు ఆయన. తన ప్రజలను అరచేతులమీద చెక్కుకొనియున్నానని యెషయా 49వ అధ్యాయములో దేవుడు తెలియజేసెను. ఆ పట్టికలో యెరికో గుడిసెలవారున్నారు, బకింగ్‌హాము కాలువ త్రవ్వినవారున్నారు. వారిని ఎరిగిన దేవుడు మన చూపును సరిచేసి, మన యెదుటనున్న పనివారిని చూచు కన్నులు మనకు దయచేయును గాక. ఆమేన్.